లెడ్జర్ నుంచి ఏఐ దాకా: ఆఫీసులోకి యంత్రం వచ్చినప్పుడు యాజమాన్యాలు ముందే తేల్చుకోవాల్సినవి

క్లుప్తంగా

ఏఐ వస్తే ఆఫీసుల్లో ఏమవుతుందన్న ప్రశ్నకు పనికొచ్చే పాత అనుభవం ఒకటి మన దేశంలోనే ఉంది. 1983లో మొదలై 2008 దాకా సాగిన ప్రభుత్వ రంగ బ్యాంకుల కంప్యూటరీకరణ అది. యంత్రాలు కొనడం అందులో చిన్న పని. ఉద్యోగాలు ఉంటాయా, పని పద్ధతి మారుతుందా, మేనేజర్ల అధికారం ఏమవుతుంది, తప్పు జరిగితే ఎవరు బాధ్యులు అన్నవి తేలేదాకా ఆ యంత్రాలు పూర్తి ఫలితం ఇవ్వలేదు. ఏఐ విషయంలో ఇవే ప్రశ్నలు మళ్ళీ వచ్చాయి. ఈసారి వ్యవధి తక్కువ, ఉద్యోగులకు ఉన్న రక్షణ ఇంకా తక్కువ.

ఇప్పుడు ఈ చర్చ ఎందుకు

2025 జులైలో టీసీఎస్ తన సిబ్బందిలో దాదాపు 2 శాతం మందిని, అంటే 12 వేల మందికి పైగా, తగ్గించుకుంటున్నట్టు ప్రకటించింది. వాళ్ళలో ఎక్కువమంది మధ్య, పై స్థాయుల్లో ఉన్నవాళ్ళు. ఇది ఏఐ వల్ల జరుగుతున్నది కాదని, ఉన్న నైపుణ్యాలకూ కావాల్సిన నైపుణ్యాలకూ పొంతన కుదరకపోవడమే కారణమని కంపెనీ చెప్పింది. కానీ హైదరాబాద్‌లోనూ బెంగళూరులోనూ ఐటీ జీతం మీద ఈఎంఐలు కడుతున్న కుటుంబాలకు ఆ వార్త ఏఐ గురించే అనిపించింది. అప్పటి నుంచి రెండు మాటలు వినిపిస్తున్నాయి. ఏఐ ఉద్యోగాలు తినేస్తుందని కొందరు, పాతవి పోయినా కొత్తవి వస్తాయని మరికొందరు అంటున్నారు.

రెండు మాటలకూ చరిత్రలో సాక్ష్యం దొరుకుతుంది. యంత్రం ఎంత తెలివైనదన్న దానికన్నా, దాన్ని తెచ్చిన యాజమాన్యం ఏ నిర్ణయాలు ఏ వరుసలో తీసుకుందన్న దాన్నిబట్టే ఫలితం మారింది. ఈ వరుసను పరిశీలించడానికి మన బ్యాంకులను మించిన ఉదాహరణ లేదు. లక్షలమంది ఉద్యోగులు, బలమైన సంఘాలు, దేశమంతటా శాఖలు, డబ్బుతో వ్యవహారం. ఒక తరం మొత్తం ఆ మార్పును తన చేతులతోనే చేసింది.

లెడ్జర్ల కాలంలో పని ఎలా నడిచేది

1980ల మొదట్లో ఒక బ్యాంకు శాఖలో డబ్బు తీసుకోవాలంటే చెక్కు ఇచ్చి ఇత్తడి టోకెన్ తీసుకుని కూర్చోవాలి. గుమాస్తా లెడ్జర్ తెరిచి, ఆ ఖాతా పేజీ వెతికి, నిల్వ చూసి, ఎంట్రీ రాస్తాడు. ఆఫీసర్ నమూనా సంతకం కార్డుతో చెక్కు మీది సంతకాన్ని పోల్చి పాస్ చేస్తాడు. తర్వాత క్యాషియర్ టోకెన్ నంబర్ పిలుస్తాడు. సాయంత్రం క్యాష్ తేలాలి, డే బుక్ తేలాలి. ఇవి కాక లెడ్జర్లలోని ఖాతాలన్నింటి నిల్వలు కూడి జనరల్ లెడ్జర్‌తో సరిచూసే బ్యాలెన్సింగ్ ఒకటుండేది. చాలాచోట్ల అది నెలల తరబడి పెండింగులో పడేది. ఒక శాఖ మరో శాఖ మీద ఇచ్చిన డ్రాఫ్టుల లెక్కలు సరిపోల్చడం అంతకన్నా పెద్ద బరువు.

ఈ పద్ధతి ఖాతాదారు జేబును కూడా తాకేది. సేవింగ్స్ ఖాతాకు వడ్డీని రోజువారీ నిల్వ మీద కాకుండా, నెలలో 10వ తేదీ నుంచి ఆఖరి రోజు దాకా ఉన్న కనిష్ఠ నిల్వ మీద ఇచ్చేవారు. చేత్తో లెక్కలు కట్టే కాలంలో అంతకు మించి కుదరదు. 24వ తేదీ దాకా లక్ష రూపాయలున్నా, 25న పిల్లల ఫీజుకు తీసేస్తే ఆ నెల ఆ సొమ్ముకు వడ్డీ లేనట్టే. జాతీయీకరణ తర్వాత శాఖలు, ఖాతాలు వేగంగా పెరిగాయి. 1969లో 14 బ్యాంకులు, 1980లో ఆంధ్రా బ్యాంకుతో సహా మరో 6 బ్యాంకులు ప్రభుత్వం చేతికి వచ్చాయి. పని పెరిగినా పద్ధతి మాత్రం అదే.

1983: యంత్రానికి ముందు ఒప్పందం

కంప్యూటర్ అంటే అప్పటి ఉద్యోగులకు భయం ఉండడానికి తగిన కారణం ఉంది. 1960లలోనే కలకత్తా ఎల్ఐసీ కార్యాలయంలో కంప్యూటర్ పెట్టకుండా ఉద్యోగులు గట్టిగా పోరాడారు. చదువుకున్నవాళ్ళకు ఉద్యోగాలు కరువైన కాలంలో పది మంది పని ఒక యంత్రం చేస్తుందంటే ఎవరూ చప్పట్లు కొట్టరు.

ఈ నేపథ్యంలో బ్యాంకుల యాజమాన్యాల తరఫున ఇండియన్ బ్యాంక్స్ అసోసియేషన్, ఉద్యోగుల తరఫున అఖిల భారత బ్యాంకు ఉద్యోగుల సంఘం, జాతీయ బ్యాంకు ఉద్యోగుల సమాఖ్య 1983 సెప్టెంబరులో యాంత్రీకరణపై ఒప్పందం చేసుకున్నాయి. అన్ని సంఘాలూ దాన్ని ఒప్పుకోలేదు. అయినా పరిశ్రమ స్థాయిలో ఒక దారి ఏర్పడింది. యంత్రాల వల్ల ఉద్యోగాలు తీసేయరు. ఎన్ని యంత్రాలు, ఎక్కడ, ఏ పనులకు అన్నదానికి పరిమితులుంటాయి. వాటిమీద పనిచేసేవాళ్ళకు ప్రత్యేక అలవెన్సు ఉంటుంది. సాంకేతిక దారి ఎలా ఉండాలో చెప్పడానికి అప్పటి రిజర్వు బ్యాంకు డిప్యూటీ గవర్నర్ సి. రంగరాజన్ అధ్యక్షతన వేసిన కమిటీ 1984లో నివేదిక ఇచ్చింది. తర్వాతి కాలంలో ఆయన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ గవర్నర్‌గా తెలుగువారికి పరిచయమయ్యారు. ఆయన అధ్యక్షతన రెండో కమిటీ 1989లో నివేదిక ఇచ్చింది. ఒప్పందాన్ని 1987లోనూ 1993లోనూ సవరిస్తూ పరిమితులను కొంచెం కొంచెంగా సడలించారు.

ఈ ఒప్పందం గురించి ఇప్పటికీ భిన్నాభిప్రాయాలున్నాయి. సంఘాలు దేశాన్ని పదేళ్ళు వెనక్కి లాగాయన్నది ఒక వాదన. అందులో కొంత నిజం ఉంది. యంత్రాల సంఖ్యకు పరిమితి పెట్టడం ఖరీదైన రాజీ. కానీ ఆ రాజీ తెచ్చిపెట్టినదాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి. తర్వాతి పదిహేనేళ్ళలో లెడ్జర్లలోని కోట్లాది ఖాతాలను కంప్యూటర్‌లోకి ఎక్కించింది ఆ గుమాస్తాలే. ఏ ఖాతాదారు పేరు లెడ్జర్‌లో ఏ స్పెల్లింగుతో ఉందో, ఏ పాత ఖాతాలో తేడా ఎందుకు నిలిచిపోయిందో వాళ్ళకే తెలుసు. పని పూర్తయితే తమ ఉద్యోగం పోతుందని భయపడే మనిషి ఆ తెలివిడిని మనస్ఫూర్తిగా యంత్రానికి అప్పగించడు. హామీ విలువ అక్కడ ఉంది.

యంత్రం వచ్చింది, పని మారలేదు

శాఖలకు మొదట వచ్చినవి అడ్వాన్స్‌డ్ లెడ్జర్ పోస్టింగ్ మెషిన్లు. పేరులోనే సంగతి ఉంది. లెడ్జర్ రాసే పనిని అలాగే ఉంచి, చేతి రాత బదులు కీబోర్డు పెట్టారు. చెక్కు అదే బల్లల మీదుగా అదే వరుసలో నడిచేది. ఒక కౌంటర్‌లో మెషిన్, పక్క కౌంటర్‌లో పుస్తకం. మెషిన్ మీద నమ్మకం కుదిరేదాకా రెండూ రాయాలి. కొన్నాళ్ళపాటు యంత్రం పనిని తగ్గించకపోగా పెంచింది.

తర్వాతి మెట్టు, శాఖలోని పనులన్నీ కంప్యూటర్ మీదికి తెచ్చే సంపూర్ణ శాఖ యాంత్రీకరణ. అప్పటికీ ఒక శాఖ కంప్యూటర్‌కు పక్క ఊరి శాఖ కంప్యూటర్‌తో సంబంధం లేదు. గుంటూరులో ఖాతా ఉన్నవాళ్ళు విజయవాడ వెళ్తే అక్కడ పరాయివాళ్ళే. రైల్వే రిజర్వేషన్లు కూడా ఇదే దశ దాటాయి. ఢిల్లీ, ముంబయి, కోల్‌కతా, చెన్నై, సికింద్రాబాద్ కేంద్రాల వ్యవస్థలు వేర్వేరుగా నడిచి, 1999 నాటికి ఒకదానితో ఒకటి కలిశాయి. కాకపోతే రైల్వేలో ప్రయోజనం ప్రయాణికుడికి మొదటి రోజే కనిపించింది. క్యూ తగ్గింది, ఏ కౌంటర్‌లోనైనా ఏ రైలుకైనా టికెట్ దొరికింది. బ్యాంకులో మొదటి యంత్రాలు లోపలి లెక్కలకు పనికొచ్చాయి తప్ప, కౌంటర్ బయట నిలబడ్డ మనిషికి పెద్దగా ఏమీ ఇవ్వలేదు. అందుకే రైల్వేలో కంప్యూటర్‌కు జనం మద్దతు తొందరగా దొరికింది, బ్యాంకుల్లో ఆలస్యమైంది.

వడ్డీ సంగతే చూస్తే ఈ దూరం ఎంతో తెలుస్తుంది. సేవింగ్స్ ఖాతాలకు రోజువారీ నిల్వ మీద వడ్డీ లెక్కగట్టడం 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చింది. 1983 ఒప్పందం నుంచి లెక్కేస్తే పాతికేళ్ళు దాటింది. లెక్క కట్టగల యంత్రం అంతకు చాలా ముందే చాలా శాఖల్లో ఉంది. పద్ధతి మార్చాలన్న నిర్ణయం రావడానికే అంత కాలం పట్టింది.

కొత్త బ్యాంకుల పోటీ, ఒక సికింద్రాబాద్ ఉదాహరణ

ఆర్థిక సంస్కరణల తర్వాత 1994, 1995 సంవత్సరాల్లో హెచ్‌డీఎఫ్‌సీ, ఐసీఐసీఐ, యూటీఐ లాంటి కొత్త ప్రైవేటు బ్యాంకులు వచ్చాయి. వాటికి పాత లెడ్జర్లు లేవు, పాత ఒప్పందాలు లేవు. మొదటి రోజు నుంచే కంప్యూటర్ల మీద నడిచాయి. ప్రభుత్వ బ్యాంకుల్లో వేగం పెరగడానికి ఆ పోటీ ఒక కారణం. 1998లో కేంద్ర విజిలెన్స్ కమిషనర్ ఎన్. విఠల్ ఇచ్చిన ఆదేశం మరో కారణం. 2001 జనవరి 1 నాటికి బ్యాంకు వ్యాపారంలో 70 శాతం కంప్యూటర్ల మీదికి రావాలన్నది ఆ ఆదేశం. అవినీతిని అరికట్టే సంస్థ కంప్యూటరీకరణకు గడువు పెట్టడం అప్పట్లో వింతగా కనిపించి ఉండవచ్చు. ఎంట్రీ ఎవరు, ఎప్పుడు చేశారో దాచలేని వ్యవస్థ విజిలెన్స్‌కు ఎంత అవసరమో ఆలోచిస్తే అందులో వింత లేదు.

అదే కాలంలో సికింద్రాబాద్ కేంద్రంగా మొదలైన గ్లోబల్ ట్రస్ట్ బ్యాంకు కొత్త తరం టెక్నాలజీకి, చురుకైన సర్వీసుకు మంచి పేరు తెచ్చుకుంది. తెలుగు మధ్యతరగతి దాని డిపాజిట్ల వైపు ఆశగా చూసింది. స్టాక్ మార్కెట్‌కు, కొద్దిమంది పెద్ద రుణగ్రహీతలకు ఇచ్చిన అప్పులు ఆ బ్యాంకును దెబ్బతీశాయి. 2004 జులైలో మారటోరియం (డబ్బు తీసుకోవడంపై తాత్కాలిక ఆంక్షలు) పెట్టారు, ఆగస్టులో ఓరియంటల్ బ్యాంక్ ఆఫ్ కామర్స్‌లో కలిపేశారు. డిపాజిటర్ల సొమ్ము దక్కింది, వాటాదారులకు ఏమీ మిగల్లేదు. ఎవరికి అప్పు ఇవ్వాలి, ఎవరు ‘వద్దు’ అనగలరు అన్న నిర్ణయాల్లో లోపం ఉంటే ఎంత మంచి కంప్యూటరైనా కాపాడలేదు. కొత్త టూల్ కొన్నామని బోర్డుకు నివేదించే యాజమాన్యాలు ఈ ఉదాహరణను గుర్తుంచుకోవాలి.

లక్ష మంది వెళ్ళిపోయిన ఏడాది

2000 చివర్లో ప్రభుత్వ బ్యాంకులు స్వచ్ఛంద పదవీ విరమణ పథకం తెచ్చాయి. 15 ఏళ్ళ సర్వీసు గానీ 40 ఏళ్ళ వయసు గానీ ఉన్నవాళ్ళు అర్హులు. పూర్తయిన ప్రతి ఏడాది సర్వీసుకు 60 రోజుల జీతం చొప్పున ఇస్తామన్నారు. కొన్ని నెలల్లోనే సుమారు లక్ష మంది వెళ్ళిపోయారు. మొత్తం సిబ్బందిలో అది పది శాతానికి పైనే.

కాగితం మీద ఇది అందరికీ లాభం. ఎవరినీ బలవంతంగా పంపలేదు, సంఘాలతో గొడవ లేదు, జీతాల ఖర్చు తగ్గింది. కానీ ఈ తరహా పథకాల్లో ఎవరు వెళ్తారన్నది యాజమాన్యం చేతిలో ఉండదు. బయట ఇంకో పని దొరుకుతుందన్న ధైర్యం ఉన్నవాళ్ళే ముందు దరఖాస్తు పెడతారు. అప్పులిచ్చే ముందు ఫ్యాక్టరీకి వెళ్ళి సరుకు చూసి అంచనా వేయగల ఆఫీసర్లు, విదేశీ మారకం తెలిసినవాళ్ళు, శాఖను ఒంటిచేత్తో నడిపిన మేనేజర్లు ఆ గుంపులో చాలామంది ఉన్నారు. శాఖలన్నింటి ఖాతాలనూ ఒకే కేంద్ర కంప్యూటర్ వ్యవస్థలోకి తెచ్చే కోర్ బ్యాంకింగ్ లాంటి అతిపెద్ద మార్పు మొదలుకాబోతున్న సమయంలో వాళ్ళు పోయారు. మిగిలినవాళ్ళ మీద పాత పని, కొత్త శిక్షణ రెండూ పడ్డాయి.

తర్వాత జరిగింది ఇంకా ఆలోచింపజేస్తుంది. కొద్ది ఏళ్ళకే బ్యాంకులు మళ్ళీ పెద్దఎత్తున నియామకాలు మొదలుపెట్టాయి. 2011 నుంచి ఐబీపీఎస్ ఉమ్మడి పరీక్షలు వచ్చాయి. నంద్యాల లాంటి ఊళ్ళు బ్యాంకు కోచింగ్ కేంద్రాలుగా పేరు తెచ్చుకోవడం వెనుక ఈ నియామకాలున్నాయి. కానీ వెళ్ళిపోయిన యాభై ఏళ్ళవాళ్ళకూ, వచ్చిన ఇరవై ఐదేళ్ళవాళ్ళకూ మధ్య ఒక తరం ఖాళీ ఏర్పడింది. కుర్రవాళ్ళకు కంప్యూటర్ బాగా వచ్చు. అప్పు అడగడానికి వచ్చిన మనిషి ముఖం చూసి, లెక్కల్లో తేడా పసిగట్టే పని నేర్పేవాళ్ళు తక్కువయ్యారు. మొత్తం అనుభవంలో ఇది అన్నిటికన్నా పెద్ద పొరపాటనే చెప్పాలి. తలల లెక్క ముందు తేల్చి, పని లెక్క తర్వాత చూసుకోవడం వల్ల వచ్చిన నష్టం ఇది.

కోర్ బ్యాంకింగ్: మేనేజర్ చేతిలోంచి ఏం జారిపోయింది

కోర్ బ్యాంకింగ్ వచ్చాక ఖాతా శాఖది కాకుండా బ్యాంకుది అయింది. స్టేట్ బ్యాంకు టీసీఎస్‌తో కలిసి చేపట్టిన ఈ మార్పు 2008 నాటికి దేశంలోని దాని శాఖలన్నింటికీ చేరింది. ప్రపంచంలో ఇంత పెద్ద మార్పిడులు అరుదు. శాఖ లెక్కలను కేంద్ర వ్యవస్థలోకి మార్చే ముందు బ్యాలెన్సింగ్ బకాయిలన్నీ తేల్చాలి, ఖాతాల వివరాలు సరిచేయాలి. మార్పిడిని సెలవు రోజుల్లో పూర్తిచేసి, సోమవారం పొద్దున కౌంటర్ తెరవాలి. ఆ మొదటి వారాల్లో సర్వర్ నెమ్మదించినా, స్క్రీన్ అర్థం కాకపోయినా తిట్లు తిన్నది కౌంటర్‌లో కూర్చున్న ఉద్యోగే.

బయటికి కనిపించని మార్పు మేనేజర్ల విషయంలో జరిగింది. లెడ్జర్ కాలంలో శాఖ మేనేజర్ ఆ ఊళ్ళో పెద్దమనిషి. ఖాతాల సమాచారం ఆయన బీరువాలో ఉండేది, చిన్న చిన్న వెసులుబాట్లు ఆయన మాటమీద జరిగేవి. కోర్ బ్యాంకింగ్ తర్వాత ఆ సమాచారం పైఆఫీసుకు కూడా అదే క్షణంలో కనిపిస్తుంది. అప్పుల పరిశీలన చాలాచోట్ల విడి కేంద్రాలకు వెళ్ళింది. మేనేజర్‌కు టార్గెట్లు మిగిలాయి, నిర్ణయాధికారం తగ్గింది. గుమాస్తాలకు ఒప్పందంలో హామీ దొరికింది గానీ, మేనేజర్ల పాత్ర ఏమవుతుందో ఎవరూ రాసివ్వలేదు. మార్పును కింది ఉద్యోగులకు వివరించి ఒప్పించాల్సిన మనిషి, తన సొంత స్థానం గురించే అయోమయంలో ఉంటే ఆ పని సగం మనసుతోనే జరుగుతుంది.

ఈ లోపాన్ని గుర్తించి చేసిన ప్రయత్నాల్లో స్టేట్ బ్యాంకు ‘పరివర్తన్’ చెప్పుకోదగ్గది. ఓ.పి. భట్ ఛైర్మన్‌గా ఉన్నప్పుడు, 2007లో, లక్షమందికి పైగా ఉద్యోగులను రెండు రోజుల వర్క్‌షాపుల్లో కూర్చోబెట్టి, బ్యాంకు మార్కెట్లో వాటా ఎందుకు కోల్పోతోందో, పోటీదారులు ఏం చేస్తున్నారో విప్పి చెప్పారు. కొన్ని నెలల్లోనే అది దేశమంతా చుట్టేసింది. సాఫ్ట్‌వేర్ వాడకం నేర్పే శిక్షణ వేరే ఉంది. ‘ఈ మార్పు ఎందుకు’ అన్నది నేర్పడానికే ఇన్ని పనిదినాలు కేటాయించడం ప్రభుత్వ రంగంలో అరుదు. నోటీసు బోర్డు మీద సర్క్యులర్ అంటించడానికీ దీనికీ పోలికే లేదు.

సగం కలిసిన వ్యవస్థ ఏం చేస్తుంది

2018 ఫిబ్రవరిలో బయటపడ్డ పంజాబ్ నేషనల్ బ్యాంకు మోసం విలువ 13 వేల కోట్ల రూపాయలకు పైగా తేలింది. ముంబయిలోని ఒక శాఖ నుంచి విదేశాల్లోని బ్యాంకు శాఖలకు హామీ పత్రాలు స్విఫ్ట్ (బ్యాంకుల మధ్య సందేశాలు పంపే అంతర్జాతీయ వ్యవస్థ) సందేశాల ద్వారా వెళ్ళాయి. స్విఫ్ట్ వ్యవస్థకూ బ్యాంకు కోర్ బ్యాంకింగ్‌కూ మధ్య లంకె లేదు. స్విఫ్ట్‌లో పంపినదాన్ని కోర్ బ్యాంకింగ్‌లో మళ్ళీ చేత్తో నమోదు చేయాలి. నమోదు చేయకపోతే బ్యాంకు పుస్తకాల్లో ఆ బాధ్యతే కనిపించదు. బదిలీ చేయాల్సిన సీట్లో ఒకే అధికారి ఏళ్ళ తరబడి ఉండిపోయారు. తర్వాత రిజర్వు బ్యాంకు 2018 ఏప్రిల్ 30 లోగా రెండింటినీ కలపాలని గడువు పెట్టింది.

ఒకరు చేసినదాన్ని మరొకరు సరిచూడాలన్న మేకర్–చెకర్ నియమం బ్యాంకుల్లో అందరికీ తెలుసు. రద్దీ సమయంలో పాస్‌వర్డ్ పక్కవాళ్ళకు చెప్పి పని కానిచ్చేయడం కూడా చాలాకాలం అందరికీ తెలిసిన అలవాటే. కౌంటర్ ముందు క్యూ ఉండి, సిబ్బంది తక్కువై, పైనుంచి ఫోన్లు వస్తున్నప్పుడు సరిచూడడం సంతకం పెట్టడంగా మారిపోతుంది. నియమం పెట్టిన యాజమాన్యం ఆ నియమాన్ని పాటించడానికి అవసరమైన మనిషినీ సమయాన్నీ కూడా ఇవ్వాలి.

ఏఐకి ఇందులో ఏది వర్తిస్తుంది

పైన చెప్పిన వరుస మొత్తం ఏఐలో కనిపిస్తోంది. చాలా కంపెనీలు ఇప్పుడు లెడ్జర్ పోస్టింగ్ మెషిన్ దశలోనే ఉన్నాయి. అదే రిపోర్టు, అవే ఆమోదాలు, అవే మీటింగులు. రాసే పని మాత్రం ఏఐ చేస్తోంది. రిపోర్టు గంట బదులు ఐదు నిమిషాల్లో తయారై, ఆమోదం కోసం మూడు రోజులు ఆగుతుంది. అసలు ఆ రిపోర్టు ఎవరు చదువుతున్నారన్న ప్రశ్న వేసిన చోటే సమయం మిగులుతుంది.

తలల లెక్క ముందు తేల్చుకోవడం ఎలా ఉంటుందో స్వీడన్‌కు చెందిన చెల్లింపుల సంస్థ క్లార్నా చూపించింది. తన ఏఐ అసిస్టెంట్ మొదటి నెలలోనే కస్టమర్ల చాట్లలో మూడింట రెండొంతులు చూసుకుందని, అది 700 మంది పూర్తికాలం ఏజెంట్ల పనికి సమానమని 2024 ఫిబ్రవరిలో ప్రకటించింది. 2025లో అదే సంస్థ సీఈఓ, ఖర్చు తగ్గింపు మీద దృష్టి ఎక్కువై నాణ్యత తగ్గిందని ఒప్పుకుని, కస్టమర్లకు మనిషితో మాట్లాడే దారి ఎప్పుడూ ఉండాలంటూ మళ్ళీ మనుషులను తీసుకోవడం మొదలుపెట్టారు. తేలిక ప్రశ్నలన్నీ యంత్రానికి వెళ్ళాక మనిషి దాకా వచ్చేవి చిక్కుముడులే. వాటికి తక్కువమంది చాలు గానీ, ఎక్కువ అనుభవం ఉన్నవాళ్ళు కావాలి. సగటు లెక్కల్లో ఈ సంగతి కనిపించదు.

రెండు విషయాల్లో ఏఐ బ్యాంకు కంప్యూటర్‌కన్నా కష్టమైనది. లెడ్జర్ మెషిన్ ఒకే కూడికకు ఎప్పుడూ ఒకే జవాబు ఇచ్చేది. తప్పుంటే సాయంత్రం లెక్క తేలక బయటపడేది. ఏఐ తప్పు జవాబును కూడా సరైన జవాబంత నున్నగా రాస్తుంది. దాన్ని పట్టుకోవాలంటే సరిచూసే మనిషికి ఆ విషయం బాగా తెలిసి ఉండాలి, చదివే తీరిక ఉండాలి. రోజుకు ఇరవై పత్రాలు చూసే ఉద్యోగికి రెండు వందలు ఇస్తే, పాస్‌వర్డ్ పక్కవాళ్ళకు చెప్పిన పాత అలవాటే కొత్త రూపంలో వస్తుంది. ఏ పనిలో ఏఐ రాసినదాన్ని ఎవరు చదివారో, ఎవరి పేరున అది బయటికి వెళ్ళిందో నమోదయ్యే ఏర్పాటు మొదటి రోజు నుంచే ఉండాలి.

రెండోది నేర్చుకునే మెట్టు. బ్యాంకులో కొత్తగా చేరిన ఆఫీసర్‌ను ప్రొబేషన్‌లో క్యాష్ నుంచి అప్పుల దాకా అన్ని సీట్లలో కూర్చోబెట్టేవారు. విసుగు పుట్టించే ఆ పనిలోనే తేడా పసిగట్టే చూపు అలవడేది. ఐటీలో ఫ్రెషర్లు టెస్ట్ కేసులు రాస్తూ, చిన్న బగ్‌లు సరిచేస్తూ పెద్ద వ్యవస్థను అర్థం చేసుకునేవారు. ఇప్పుడు ఏఐ ముందుగా తీసుకుంటున్నది సరిగ్గా ఆ పనినే. ఈ ఏడాది ఫ్రెషర్లను తీసుకోకపోతే ఈ ఏడాది ఖర్చు తగ్గుతుంది. ఏడెనిమిదేళ్ళ తర్వాత ఏఐ రాసిన కోడ్‌ను సరిచూసే సీనియర్ ఎక్కడి నుంచి వస్తారన్నది స్వచ్ఛంద విరమణ తర్వాత బ్యాంకులు ఎదుర్కొన్న ప్రశ్నే. కొత్తవాళ్ళకు కొంత పనిని ఏఐ లేకుండా చేసే అవకాశం ఇవ్వడం, అది నెమ్మదిగా సాగినా శిక్షణ ఖర్చుగా భరించడం ఇందుకు ఒక మార్గం. త్రైమాసిక లాభాల ఒత్తిడిలో దాన్ని కాపాడగలిగేది పై స్థాయి నాయకత్వం ఒక్కటే.

బ్యాంకుల అనుభవం నుంచి తీసుకోదగ్గ మరో పద్ధతి ప్రయోగం ఎక్కడ చేయాలన్నది. కంపెనీలు సాధారణంగా ఉత్సాహం ఉన్న టీమ్‌లో పైలట్ నడిపి, ఫలితం బాగుందని అందరికీ వర్తింపజేస్తాయి. మామూలు శాఖ, మామూలు సిబ్బంది, నెలాఖరు రద్దీ ఉన్నచోట పరీక్షిస్తేనే అసలు ఇబ్బందులు తెలుస్తాయి. కొంతకాలం పాత పద్ధతినీ కొత్త పద్ధతినీ పక్కపక్కన నడపడం ఖర్చే. ఆ కాలానికి అదనపు సిబ్బందిని ఇవ్వకుండా రెండూ చేయమంటే, రెంటిలో ఒకటి కాగితం మీదే జరుగుతుంది.

సంఘం లేనిచోట హామీ ఎవరిది

1983కీ ఇప్పటికీ ఉన్న అతిపెద్ద తేడా ఇదే. అప్పుడు యాజమాన్యం ఎదురుగా బల్లకు అవతల సంఘం కూర్చుంది. ఐటీలో, ప్రైవేటు సేవల రంగంలో చాలామందికి అలాంటి ప్రతినిధులు లేరు. అసంతృప్తి సమ్మె రూపంలో బయటికి రాదు, రాజీనామాల రూపంలో వస్తుంది. ప్రైవేటు బ్యాంకుల్లో ఉద్యోగుల వలస సగటున 25 శాతం దరిదాపుల్లో ఉందని, అది నిర్వహణకే ముప్పు అని రిజర్వు బ్యాంకు 2024 డిసెంబరు నివేదికలో హెచ్చరించింది. గొడవలు లేవన్నది ఒప్పుకోలుకు గుర్తు కాదని ఈ లెక్క చెబుతోంది.

చట్టం కొంత చెబుతుంది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ ప్రకారం, ఉద్యోగాల కోతకు దారితీసే సాంకేతిక మార్పులాంటివి చేసేముందు కార్మికులకు నోటీసు ఇవ్వాలి, 21 రోజులు ఆగాలి. ఉద్యోగం కోల్పోయిన ప్రతి కార్మికుడికీ 15 రోజుల జీతానికి సమానమైన సొమ్మును యాజమాన్యం పునర్నైపుణ్య నిధికి కట్టాలి. అయితే కోడ్ దృష్టిలో కార్మికుడు ఎవరన్నది ముఖ్యం. మేనేజర్ హోదాలో ఉన్నవాళ్ళు, నెలకు 18 వేల రూపాయలకు మించిన జీతంతో పర్యవేక్షణ పనిచేసేవాళ్ళు ఆ నిర్వచనంలోకి రారు. కోర్ బ్యాంకింగ్ కాలంలో పాత్ర కోల్పోయింది శాఖ మేనేజర్లు. ఇప్పుడు కోతల జాబితాల్లో ముందు కనిపిస్తున్నది టీమ్ లీడ్లు, ప్రాజెక్ట్ మేనేజర్లు. మిగతావాళ్ళకు కొత్త పద్ధతి నేర్పాల్సింది వీళ్ళే, చట్టం నోటీసు ఇవ్వమని చెప్పనిదీ వీళ్ళకే. ఎంత కాలం ఉద్యోగానికి ఢోకా లేదో, ఈలోగా ఏ పని నేర్చుకోవాలో, మిగిలిన సమయాన్ని కంపెనీ దేనికి వాడుతుందో వీళ్ళకు రాతపూర్వకంగా చెప్పాల్సిన బాధ్యత పూర్తిగా యాజమాన్యాలమీదే ఉంది.